కాశీకి 45 పైసలు, సింగపూర్‌కి క్రియాటినిన్ రిపోర్టు

ప్రయాణమంటే మా శ్రీకాకుళం వైపు పచ్చడి సీసాలు సర్దారా అని అడుగుతారు గానీ, బీమా చేయించారా అని ఎవరూ అడగరు. "ఎల్లేటప్పుడు ఆ మాటలేటి?" అంటుంది మా అమ్మ. ఆవిడది కవిటి, కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం మనిషి. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ కాస్త ఎక్కువగానే ఉంది, బీపీ మాత్ర రోజూ తప్పదు. అలాంటి మనిషిని ముందు కాశీకి, ఆ తర్వాత సింగపూర్‌కి తీసుకెళ్లాం. రెండు చోట్లకీ బీమా అవసరం ఒకటి కాదు.

కాశీకి రైల్లో వెళ్లాం. ఐఆర్‌సీటీసీలో టికెట్ తీసేటప్పుడు మనిషికి 45 పైసలతో బీమా పెట్టుకోవచ్చు. రైలు ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా 10 లక్షలు, గాయాలతో ఆసుపత్రిలో చేరితే 2 లక్షల దాకా వస్తాయి. టికెట్ కన్ఫర్మ్ గానీ ఆర్ఏసీ గానీ అయి ఉండాలి. తర్వాత ఫోనుకి వచ్చే లింకులో నామినీ పేరు నింపాలి, చాలామంది ఆ మెసేజ్ తెరవనే తెరవరు. బండిలో జ్వరమొస్తే మాత్రం దీన్నుంచి పైసా రాదు, ఇది ప్రమాదానికే.

కౌంటర్లో కొన్న టికెట్‌కి ఇది లేదు. 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ని రాయగడ ప్యాసింజర్ వెనకనుంచి గుద్ది 14 మంది పోయారు. మనవాళ్లు రోజూ జనరల్ టికెట్‌తో ఎక్కే బళ్లవి. అలాంటి ప్రయాణికులకి దిక్కు రైల్వే చట్టం కింద వచ్చే పరిహారమే. ప్రాణం పోతే 8 లక్షలు, రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్లో అడగాలి. దానికి ఆధారం చేతిలోని టికెట్టే కాబట్టి, దిగేదాకా పారెయ్యకూడదు.

కాశీలో బస విషయంలో ఇంట్లో చిన్న గొడవే అయింది. అమ్మకి మానససరోవర్ ఘాట్ దగ్గర తెలుగువాళ్ల సత్రం కావాలి: గంగ పక్కనే, మన భోజనం, మన భాష. నేనేమో కాశీలోనే లంక అనే పేట వైపు లాడ్జి అన్నాను. ఘాట్ల వెనక సందుల్లోకి ఆటో కూడా రాదు, అర్ధరాత్రి ఆయాసమొస్తే మనిషిని మోసుకుపోవాలి. లంకలో అయితే బీహెచ్‌యూ ఆసుపత్రి దగ్గర. చివరికి లంకలోనే దిగి, మధ్యాహ్నం భోజనానికి సత్రానికి వెళ్లాం. గది సాదాసీదా, దుప్పట్లు శుభ్రం, రాత్రంతా వీధిలో హారన్లు. ముసలివాళ్లతో వెళ్లేవాళ్లకి నేను లంకే చెప్తాను. మామూలు ఆరోగ్య బీమా దేశమంతా పనిచేస్తుంది కనుక, వారణాసిలో ఏ ఆసుపత్రుల్లో నగదు కట్టకుండా చేర్చుకుంటారో కంపెనీ జాబితా చూసి రాసుకున్నాను. దేశంలో తిరగడానికి విడిగా మరో పాలసీ కొనలేదు.

ప్రయాణం రద్దయితే డబ్బిచ్చే బీమా గురించి మన తీరంలో ఆలోచించాల్సిందే. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయం పైకప్పునే పీకేసింది, 2018 అక్టోబర్‌లో తిత్లీ మన జిల్లామీదే తీరం దాటింది. అయితే తుపాను హెచ్చరిక వచ్చాక కొన్న పాలసీకి ఆ తుపాను వర్తించదు. ముందే కొనాలి. సెలవు దొరకలేదనో, మనసు మారిందనో మానేస్తే మామూలుగా ఇవ్వరు. అక్టోబర్ టికెట్లయితే నేను కొంటాను, ఫిబ్రవరివైతే కొనను.

సింగపూర్ సంగతి వేరు. మన ఆరోగ్య పాలసీలు మామూలుగా దేశం దాటితే పనిచెయ్యవు. యూరప్ దేశాలకి వెళ్లే షెంగెన్ వీసాకి 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి కానీ, సింగపూర్ వీసాకి ఎవరూ అడగరు. అడగరు కాబట్టి మానేస్తారు. టౌన్లో ఒక ఏజెంటు అమ్మ ఫారం నింపుతూ, "కిడ్నీ సంగతి రాయకండి మాస్టారూ, ప్రీమియం పెరిగిపోద్ది" అన్నాడు. లేచి వచ్చేశాను. అక్కడ ఆసుపత్రిలో చేరిన గంటకే వాడే మందులన్నీ కేసు షీట్లో ఎక్కుతాయి, కంపెనీ చూసేది ఆ షీటునే. దాచిన జబ్బు బయటపడితే క్లెయిం పోయినట్టే. ఉద్దానం వాళ్లకి ఈ మాట మరీ ముఖ్యం.

రిపోర్టు జతచేసి వేరేచోట తీసుకున్నాం. పాత జబ్బు ప్రాణం మీదకొస్తేనే, అదీ ఒక పరిమితి దాకానే ఇస్తామని పాలసీలో ఉంది. అరవై దాటినవాళ్లకి గదికింత, ఐసీయూకింత అని కొన్ని పాలసీల్లో లోపల్లోపల కోతలు కూడా ఉంటాయి. పైన లక్ష డాలర్లని పెద్ద అక్షరాల్లో వేసినా, నేను చూసింది ఆ కోతల పేజీనే. కోతలు లేనిది కొంచెం ఖరీదు, అదే తీసుకున్నాం.

విశాఖ నుంచి నేరుగా విమానం. దిగాక ఒక పెట్టె రాలేదు. బెల్టు దగ్గరే విమానం వాళ్ల కౌంటర్లో ఫిర్యాదు కాగితం తీసుకున్నాను, అది లేకుండా సామాను క్లెయిం కదలదు. పెట్టె మర్నాడు హోటల్‌కి వచ్చింది. మా పాలసీలో 12 గంటలు దాటితే కొన్న బట్టలకి డబ్బిస్తారు. ముస్తఫా సెంటర్‌లో కొన్న రెండు చీరల బిల్లు, ఆ కాగితం పెడితే డబ్బొచ్చింది. అమ్మకి మాత్రం "పోయింది మందుల పెట్టి కాదు కదా" అన్నదే ఊరట. మందులు చేతిసంచిలోనే ఉన్నాయి.

లిటిల్ ఇండియాలో దిగాం. ఇడ్లీకి, సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ గుడికి ఆ పేట బాగు. గది మాత్రం అగ్గిపెట్టె, కిటికీ కూడా లేదు, బుక్ చేసేటప్పుడు ఆ ముక్క చూసుకోవాలి. మూడోనాడు అమ్మకి వాంతులు. పక్క వీధి క్లినిక్‌లో మందిచ్చారు, తగ్గింది. బిల్లు వంద డాలర్ల లోపే. పాలసీలో మొదటి వంద డాలర్లు మనమే పెట్టుకోవాలి కాబట్టి ఏమీ రాలేదు. దానికి బాధలేదు, బీమా కొన్నది వాంతులకి కాదు. ముందుగా పాలసీ మీదున్న సహాయ నంబరుకి ఫోన్ చేశాను, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి ఏ ఆసుపత్రికి వెళ్లాలో కూడా చెప్పి ఉంచారు.

సోంపేట నుంచి మా పిన్ని కొడుకు ఖతార్‌కి వెల్డర్‌గా వెళ్లాడు. పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (పనికి వెళ్లే ముందు ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అనే అనుమతి కావాలన్న గుర్తు) ఉండి ఇలాంటి దేశాలకి పనికెళ్లేవాళ్లకి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి: పన్ను కాక రెండేళ్లకి 275, మూడేళ్లకి 375 రూపాయలు, ప్రమాదంలో పోతే 10 లక్షలు. వాడికీ ఉంది, ఆ సంగతి వాడికే తెలియదు. కాగితం వాట్సాప్‌లో తెప్పించి, ప్రింటు తీసి పిన్ని బీరువాలో పెట్టించాను. అదే ఊరి నుంచి విజిట్ వీసా మీద పనికి పంపించే ఏజెంట్లు ఉన్నారు. ఆ దారిలో వెళ్లిన కుర్రాళ్లకి ఎమిగ్రేషన్ క్లియరెన్సూ ఉండదు, ఈ బీమా కూడా ఉండదు.