చనిపోయిన ఆదివాసీ సంగీతకారుల గురించి రాసేటప్పుడు: పైన హెచ్చరికా, ఇంటిపేరా, కుటుంబం మాటా? ఏది మేలు?

ఏటా జులై దగ్గర పడేసరికి నన్ను చాలామంది ఒకటే అడుగుతారు. ఆస్ట్రేలియాలో ఆ నెల మొదటి ఆదివారం నుంచి నాయ్‌డాక్ వారం, అంటే అక్కడి ఆదివాసుల చరిత్రనూ సంస్కృతినీ గుర్తుచేసుకునే వారం, మొదలవుతుంది. తెలుగు సంఘాల వాళ్లో, పిల్లల స్కూలు ప్రాజెక్టు నెత్తిన పడ్డ తల్లిదండ్రులో, సరదాగా సంగీతం మీద రాసేవాళ్లో ఆ వారానికి ఒక ఆదివాసీ గాయకుడి గురించి రాద్దామనుకుంటారు. వాళ్లు ఎంచుకునే మనిషి తరచు ఈ లోకంలో లేని మనిషే అవుతాడు. "పేరు రాయొచ్చాండీ? ఫొటో పెట్టొచ్చా? పైన ఆ హెచ్చరిక ఒకటి తగిలిస్తే చాలదా?" అని అడుగుతారు.

చాలా ఆదివాసీ సమాజాల్లో పోయినవారి పేరు పలకరనీ, బొమ్మ చూపరనీ, గొంతు వినిపించరనీ ఇది చదివేవాళ్లకు తెలిసే ఉంటుంది. అది అన్ని చోట్లా ఒకేలా ఉండదనీ, కొందరికి నెలలు, కొందరికి ఏళ్లు అనీ కూడా తెలుసు. కాబట్టి నేరుగా అసలు విషయంలోకి వస్తాను.

ఎక్కువమంది చేసేది హెచ్చరిక పెట్టడం. ఏబీసీ, ఎస్‌బీఎస్ చానళ్లలో కార్యక్రమం ముందు వస్తుందే, ఇందులో మరణించిన ఆదివాసుల, టోరెస్ జలసంధి దీవులవారి చిత్రాలు, గొంతులు ఉండవచ్చు అని, అదే వాక్యం వ్యాసం నెత్తిన పెట్టి, కింద మామూలుగా పూర్తి పేరు, పెద్ద ఫొటో. తేలిక, ఖర్చు లేదు. టీవీలో దానికి నిజంగానే అర్థం ఉంది. చూసేవాళ్లు పది సెకన్లలో లేచి వెళ్లిపోవచ్చు, పిల్లల్ని పక్క గదిలోకి పంపొచ్చు, చానల్ మార్చొచ్చు.

మన వ్యాసాలు అలా చేరవు కదా. వాట్సాప్‌లో లింకు పడుతుంది. లింకుతోపాటే ఫొటో, శీర్షిక వచ్చేస్తాయి, శీర్షికలో పేరు. హెచ్చరిక ఉన్నది లోపల, లింకు నొక్కితే కనిపించే మొదటి పేరాలో. అంటే ఎవరిని కాపాడాలని అది రాశామో వాళ్లు హెచ్చరిక కన్నా ముందే ముఖం చూసేశారు. యూట్యూబ్ వీడియో పేజీలోనే అతికిస్తే ఇంకా ఘోరం, కొన్నిచోట్ల పేజీ తెరవగానే పాట మొదలవుతుంది. సినిమాకు ముందు వచ్చే పొగాకు ప్రకటనలాగా అది ఉండాలి కాబట్టి ఉంటుంది, ఆగి చూసేవాడు లేడు. పెట్టొద్దనను, తప్పకుండా పెట్టండి. కానీ అది పెట్టామన్న ధైర్యంతో మిగతావన్నీ వదిలేస్తే మాత్రం పెట్టీ లాభం లేదు.

రెండో దారి ఇంటిపేరు, ముందు ఒక గౌరవ పదం. ఉత్తర ఆస్ట్రేలియాలో ఎల్కో ద్వీపం మీది గలివిన్‌కు ఊరికి చెందిన ఒక అంధ గాయకుడు 2017 జులై 25న డార్విన్ ఆస్పత్రిలో 46 ఏళ్లకే పోయినప్పుడు పత్రికలన్నీ 'డాక్టర్ జి. యునుపింగు' అనే రాశాయి. యోతు యిండి అనే రాక్ బ్యాండ్ నాయకుడు 2013 జూన్ 2న పోయినప్పుడూ అంతే, ఇప్పటికీ ఆయన్ని చాలామంది 'డాక్టర్ ఎం. యునుపింగు' అంటారు. ఆయన పేరు నేనూ ఇక్కడ అలాగే ఉంచుతున్నాను. ఈ పద్ధతి నాకు బాగానే నచ్చుతుంది. మనిషి ఎవరో తెలుస్తుంది, పలకకూడనిది పలకలేదు, వాక్యమూ కుంటుపడదు.

తెలుగులో రాసేటప్పుడు మాత్రం చిక్కులున్నాయి. ఒకటి, మన పాఠకులు డాక్టర్ అనగానే స్టెతస్కోపు ఊహించుకుంటారు. ఆ ఇద్దరివీ విశ్వవిద్యాలయాలు ఇచ్చిన గౌరవ డాక్టరేట్లు. గలివిన్‌కు గాయకుడికి సిడ్నీ విశ్వవిద్యాలయం 2012లో ఇచ్చింది, ఎం. యునుపింగు గారికి క్వీన్స్‌లాండ్ టెక్నాలజీ విశ్వవిద్యాలయం 1998లో ఇచ్చింది. ఒక్క వాక్యంలో ఆ ముక్క చెప్పేస్తే సరి. రెండోది కొంచెం పెద్ద చిక్కు. ఎం. యునుపింగు గారి అన్నగారు, భూమి హక్కుల కోసం పోరాడిన పెద్దమనిషి, 2023 ఏప్రిల్‌లో పోయారు. ఆయన్ని వట్టి 'యునుపింగు' అనే పిలవమని కుటుంబం కోరింది. అన్నదమ్ములిద్దరూ ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్ అయినవాళ్లే, పెద్దాయన 1978లో, చిన్నాయన 1992లో. ఇక జి. యునుపింగు కుర్రతనంలో వాయించింది యోతు యిండిలోనే. ఈ ముగ్గురినీ ఒకే వ్యాసంలోకి తెచ్చి ఉత్త ఇంటిపేరుతో నడిపిస్తే చదివేవాడికి తల తిరుగుతుంది. 'తమ్ముడుగారు', 'అన్నగారు', 'గలివిన్‌కు గాయకుడు' అని వరసలూ ఊళ్లూ పెట్టుకుంటే గట్టెక్కవచ్చు. వరసల విషయంలో మన భాషకు లోటు లేదు.

ఇక నా ఓటు ఎటో చెప్పేస్తాను. పేరు ఎలా రాయాలన్నది కుటుంబం చివరగా బహిరంగంగా ఏం చెప్పిందో చూసి రాయడమే అన్నిటికన్నా మేలు. హెచ్చరిక పెట్టాలా, ఇంటిపేరు చాలా అన్నవి ఆ తర్వాతి సంగతులు. ఆచారం గురించి చదివిన పుస్తక జ్ఞానం కన్నా ఆ ఇంటివాళ్లు ఆ మనిషి గురించి అన్న మాటకే బరువు ఎక్కువ.

అదే గలివిన్‌కు గాయకుణ్ని తీసుకోండి. చావుకబురు వచ్చిన రోజుల్లో పేరు లేదు, బొమ్మ లేదు. ఆయన పుట్టిన యోల్ంగు జాతివాళ్ల కర్మకాండ మనకులా పదకొండు రోజుల్లో ముగిసేది కాదు. అదంతా అయ్యాక కుటుంబం అనుమతి ఇచ్చింది. ఆయన మీద తీసిన డాక్యుమెంటరీ 2018లో విడుదలైంది, పోవడానికి కొద్ది రోజుల ముందే ఆయన దాన్ని ఒప్పుకున్నారు. సినిమా మొదట్లోనే తెర మీద అక్షరాలు వస్తాయి. మామూలుగా అయితే యోల్ంగు ఆచారం ప్రకారం పోయినవారి పేరునూ రూపాన్నీ పక్కన పెడతామనీ, ఆయన స్ఫూర్తి తమవాళ్లకూ దేశానికీ అందాలని కుటుంబం వాటిని వాడనిచ్చిందనీ వాటి సారాంశం. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆయన చివరి ఆల్బమ్ వచ్చి ఆస్ట్రేలియా చార్టులో మొదటి స్థానానికి చేరింది. ఆదివాసీ భాషలో పాడిన ఆల్బమ్ ఆ స్థానానికి చేరడం అదే మొదలు. అందుకే ఇప్పుడు జెఫ్రీ గుర్రుముల్ యునుపింగు అని పూర్తిగా రాయడానికి నాకు సంకోచం లేదు. అనుమతి వచ్చి ఏళ్లు గడిచాక కూడా 'డాక్టర్ జి.' దగ్గరే ఆగిపోయేవాళ్లు మర్యాద చేస్తున్నామనుకుంటారు గానీ, పేరు వినబడాలని కోరింది ఆ కుటుంబమే కదా.

ఆర్చీ రోచ్ సంగతి ఇంకోలా జరిగింది. ఆయన 2022 జులై 30న విక్టోరియాలోని వార్నంబూల్‌లో పోయారు. చిన్నప్పుడే ప్రభుత్వం తల్లిదండ్రుల నుంచి లాక్కుపోయిన పిల్లల్లో ఒకరు, ఆ గాయాన్నే పాట కట్టి దేశం చేత వినిపించుకున్న మనిషి. మరణవార్తతోపాటే కుటుంబం చెప్పింది: పేరు, బొమ్మ, పాట అన్నీ వాడుకోండి, ఆయన స్ఫూర్తి కొనసాగాలి అని. ఒక్క రోజు కూడా ఆగనక్కర లేకపోయింది. నటుడు, నర్తకుడు డేవిడ్ గుల్పిలిల్ 2021 నవంబరులో పోయినప్పుడు మూడు రోజులపాటు డేవిడ్ దలైత్ంగు అనమన్నారు, ఆ తర్వాత మామూలు పేరే. ఇక వరుంపి అనే రాక్ బ్యాండ్ గాయకుడి విషయం చూడండి. గుర్రుముల్ వాళ్ల ద్వీపం వాడే, 2007లో పోయాడు. స్టేజీ మీద ఉన్న పేరు పక్కకు పోయి జార్జ్ బురర్‌వంగా అన్న పేరు నిలబడింది.

ఇలా ఒకరికి నెలలు, ఒకరికి మూడు రోజులు, ఒకరికి అసలు ఆగడమే లేదు, ఒకరికి పేరే మారిపోయింది. ఉత్తరాన ఉన్న ఆర్న్‌హెమ్ లాండ్ వాళ్లయితే పేరు రాయకూడదు, మెల్‌బోర్న్ వైపు వాళ్లయితే పరవాలేదు అని కొందరు ఒక అడ్డగోలు లెక్క వేసుకుంటారు. గుర్రుముల్ ఆర్న్‌హెమ్ లాండ్ వాడేనని గుర్తు చేసుకుంటే ఆ లెక్క తప్పని తెలిసిపోతుంది. ఊరిని బట్టి ఊహించొచ్చు గానీ తేల్చేది కుటుంబమే.

ఈ ఆచారాన్ని ఎవరూ చదివేవాళ్ల సౌకర్యం కోసం పెట్టుకోలేదు. ఎం. యునుపింగు గారి జీవితంలోనే చూడండి. 1990 ప్రాంతంలో అదే పేరున్న బంధువు ఒకరు పోతే, అప్పటికే పేరున్న కళాకారుడై ఉండి కూడా ఆయన తన పేరు మార్చుకున్నారు. బతికున్నవాళ్లే అంత వదులుకుంటుంటే, శీర్షికలో రెండు మాటలు మార్చడానికి మనం గొణగడం ఏం బాగుంటుంది?

కుటుంబం మాట ఎక్కడ దొరుకుతుంది అంటారా? ఆదివాసీ చానల్ ఎన్‌ఐటీవీ, ఏబీసీ వార్తల పైభాగంలో ఒక చిన్న గమనిక ఉంటుంది, పేరూ ఫొటో కుటుంబం అనుమతితో వాడుతున్నామని. రికార్డు కంపెనీ ప్రకటనలో ఉంటుంది. పెద్దమనుషులైతే ఆ ప్రాంతపు ల్యాండ్ కౌన్సిల్, అంటే ఆదివాసుల భూమి హక్కులు చూసే సంస్థ, చెబుతుంది. తేదీ చూసుకోవడం ముఖ్యం. పోయిన వారంలో అన్న మాటా, ఏడాది తర్వాత అన్న మాటా రెండూ నెట్‌లో పక్కపక్కనే ఉంటాయి, రెండోదే లెక్క. ఒకటి మాత్రం చేయకండి. ఫేస్‌బుక్‌లో వెతికి పట్టుకుని ఆ ఇంటివాళ్లకు మెసేజీలు పెట్టకండి. చావింట్లో వాళ్లకు మన సావనీరు టెన్షన్ ఎందుకు?

ఏ మాటా దొరక్కపోతే ఇంటిపేరు, గౌరవ పదం, ముఖం లేని ఫొటో. నా పద్ధతి అదే. ఫొటో బదులు గిటారు పెట్టొచ్చు. గుర్రుముల్‌ది ఎడమచేతి వాటం, కుడిచేతివాళ్ల గిటారును తీగలు మార్చకుండా అలాగే తిరగేసి పట్టుకుని వాయించేవాడు. పేరు లేకుండా ఆ ఒక్క ముక్క రాసినా తెలిసినవాళ్లు పోల్చుకుంటారు, తెలియనివాళ్లకు మనిషి కళ్లకు కడతాడు. పేరు లేకపోతే వ్యాసం చప్పగా ఉంటుందనేవాళ్లు సమాచారం తక్కువ పోగుచేసుకున్నవాళ్లని నా అనుమానం.

మిగిలిన దారులు రెండు. మధ్య ఆస్ట్రేలియాలో పోయినవారి పేరుకు బదులు పలికే మాటలున్నాయి, వార్ల్‌పిరి వాళ్లకు కుమంజయి, పిట్జంట్జట్జర వాళ్లకు కున్మనర. వాళ్లు వాడితే మనమూ వాడదాం, మనంతట మనం తగిలించకూడదు, అక్కడికి ఆ సంగతి చాలు. అసలు రాయకుండా ఊరుకోవడం రెండోది. అదీ ఒక దారే, కాకపోతే బద్ధకానికీ దానికీ తేడా తెలియదు.

"తెలుగులో రాస్తే వాళ్లలో ఎవరు చదువుతారండీ?" అని కూడా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అక్షరాల మటుకు నిజమే, గలివిన్‌కులో తెలుగు చదివేవాళ్లు ఉండరు. ఫొటోకు మాత్రం లిపి లేదు, పాటకు అంతకన్నా లేదు. కాబట్టి తెలుగులో రాసేవాళ్లు పేరు గురించి పడే మథనంలో సగం ఫొటో మీదా వీడియో మీదా పెట్టాలంటాను. మన అలవాటు దీనికి సరిగ్గా ఎదురు. మన దగ్గర పోయినవాళ్లను గౌరవించడం అంటేనే పేరు గట్టిగా చెప్పడం, చౌరస్తాలో ఫ్లెక్సీ, దండ వేసిన ఫొటో, సంస్మరణ సభలో జోహార్లు. తద్దినంలోనూ గోత్రనామాలతో పిలిస్తే గానీ కార్యం సాగదు. అందుకే వ్యాసం అనగానే ముందు మంచి ఫొటో కోసం వెతుకుతాం. ఆ ఫొటోనే చివర్లో పెట్టుకుంటే, అదీ అనుమతి ఉందని తెలిశాకే పెట్టుకుంటే, సగం పని అయిపోయినట్టే.

అచ్చులో వేసేటప్పుడు నేను ఇంకాస్త వెనక్కి తగ్గుతాను. నెట్‌లో అయితే అనుమతి వచ్చిన పూట పేరు చేర్చుకోవచ్చు, కుటుంబం వద్దంటే ఆ పూటే తీసేయొచ్చు. ఉగాది సావనీరు ఐదు వందల కాపీలు ఇళ్లకు చేరాక చేసేదేమీ ఉండదు. ఇటీవలే పోయిన మనిషైతే, అనుమతి కంటికి కనబడితే తప్ప, అచ్చులో ఇంటిపేరే. పాత వ్యాసాల్లో ఉన్న గాయకులు ఇప్పుడు పోతే వాటిని తీసేయనక్కర లేదు. శీర్షికలో పేరు, లింకుతోపాటు వెళ్లే ఫొటో, ఈ రెండూ ముందు మార్చండి. లోపలి పేరాలు తీరిగ్గా సర్దుకోవచ్చు.