చీనీ తోటలో నాలుగేళ్లు బ్లోయర్ వాడాక

మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె దగ్గర ఐదెకరాల చీనీ (బత్తాయి) తోట. మూడెకరాలు కాపు చెట్లు, రెండెకరాలు మూడేళ్ల మొక్కలు. మందును ఫ్యాను గాలితో చెట్ల మీదికి చిమ్మే, ట్రాక్టరుకు తగిలించే పది నాజిళ్ల బ్లోయర్ కొని నాలుగేళ్లు దాటింది.

మొదటి ఏడాదే దెబ్బ తిన్నాను. చేత్తో పట్టుకుని కొట్టే స్ప్రే గన్నుతో అయితే ఎకరాకు ఐదు డ్రమ్ములు పట్టేది, బ్లోయర్‌తో మూడుకే అయిపోయింది. డ్రమ్ముకు కలిపే మందు మాత్రం పాత లెక్కే. లీటరుకు ఇంత అని చెప్పే మోతాదు ఆకు తడిసి నీళ్లు కారేదాకా కొట్టేవాళ్లకు. నీళ్లు తగ్గిస్తే చెట్టుకు అందే మందూ తగ్గుతుందని నాకు తట్టలేదు. నల్లి చావలేదు. కొమ్మల లోపలి కాయలన్నిటికీ మంగు (నల్లి వల్ల తొక్క మీద వచ్చే మచ్చ) పట్టింది, మండీలో రేటు పడిపోయింది.

అప్పటినుంచి చెట్టును కొలిచాకే మందు కలుపుతున్నాను. చెట్టు ఎత్తు, వెడల్పు మీటర్లలో గుణించి, ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు కాబట్టి దానితోనూ గుణించి, సాళ్ల ఎడంతో భాగించాలి. మా సాళ్ల ఎడం 6 మీటర్లు. కాపు చెట్లు 4 మీటర్ల ఎత్తు, 4 వెడల్పు: ఎకరాకు దాదాపు 10,800 ఘనపు మీటర్ల గుబురు. మొక్కలు 2 మీటర్ల ఎత్తు, ఒకటిన్నర వెడల్పు: 2,000 మాత్రమే. ఐదు రెట్లకు పైగా తేడా! ఎకరా ఎకరాకూ ఒకే మందు కొడితే మొక్కల దగ్గర చాలావరకు నేలపాలే. ఇప్పుడు పెద్దచెట్లకు ఎకరాకు 600 లీటర్లు, మొక్కలకు 115. మందు కూడా గుబురు లెక్కనే, లేబులు మీది ఎకరా మోతాదు దాటకుండా.

పెద్దచెట్లలో 100 మీటర్లు మూడు నిమిషాల్లో నడిచేలా ట్రాక్టరు తోలితే, నిమిషానికి 30 లీటర్లు పడితే లెక్క సరిపోతుంది. మొక్కల్లో పై నాజిళ్లు కట్టేసి, నాజిళ్లలో సన్నరంధ్రం బిళ్లలు వేసి, కాస్త వేగంగా పోతాను. తడి తగిలితే నీలంగా మారే పసుపు కాగితాలు కొమ్మల లోపల గుచ్చి చూసుకుంటే అనుమానం తీరిపోతుంది. అందరూ ఒక్కసారైనా చేయండి.

ఇబ్బంది బిళ్లలతోనే. బోరునీళ్ల ఉప్పుకు పూడుకుపోతాయి, అరిగితే మందు ఎక్కువ పోతుంది. ట్యాంకు నిండా నింపి ఒక నిమిషం నడిపి, ఎన్ని లీటర్లు తగ్గిందో ప్రతి కాపుకూ చూస్తాను.

గన్ను అమ్మలేదు. పెద్దచెట్ల మధ్య చచ్చిన చోట నాటిన మొక్కలకు ఇప్పటికీ దాంతోనే కొడతాను, బ్లోయర్ వాటిని వేరుగా చూడలేదు.