తొమ్మిదేళ్లుగా చేతికి కట్టుకుంటున్న బీపీ మిషన్

నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ మాటా పోయిన మూడు నెలలకి, 2016 జూన్‌లో, ఈ మిషన్ కొన్నాను. ఆయనకు బీపీ ఉన్నట్టు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక్కరోజు తలనొప్పి అని కూడా అనలేదు. ఆ భయంతో నేను చూపించుకుంటే నాకూ ఉందని తేలింది. అప్పుడు నాకు 48. ఆ రోజు నుంచి రోజూ ఒక మాత్ర, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఈ పట్టీ. ఊరెళ్లినప్పుడు తప్ప మానలేదు.

ముందు మిషన్ సంగతి చెబుతాను. దండచేతికి కట్టుకునే రకం. నాలుగు పెన్సిల్ బ్యాటరీలు వేస్తే నాకు మూడు నెలల పైనే వస్తాయి. అంకెలు పెద్దవి, కళ్లద్దాలు అక్కర్లేదు. ఏడాదికోసారి డాక్టరుగారి దగ్గరకు పట్టుకెళ్లి ఆయన మిషన్‌తో సరిచూసుకుంటాను. ఇప్పటికీ నాలుగైదు అంకెల తేడాలోనే ఉంది. నన్ను ఇబ్బంది పెట్టింది పట్టీ ఒక్కటే. అయిదో ఏట అది అంటుకోవడం మానేసింది. కొత్తది అడిగితే కొట్లో అదే కంపెనీది, కానీ చిన్న సైజు ఇచ్చారు. నేనూ చూసుకోలేదు. పదిహేను రోజులపాటు పై అంకె పది, పన్నెండు ఎక్కువ చూపించింది. మాత్ర పెంచే ముందు డాక్టరుగారు టేపు తెప్పించి నా చెయ్యి కొలిచారు. 29 సెంటీమీటర్లు. "పట్టీ చిన్నదైపోయిందమ్మా, అందుకే ఎక్కువ చూపిస్తోంది" అన్నారు. కొనేవాళ్లు ముందు చెయ్యి కొలుచుకోండి. పట్టీ చిన్నదైతే లేని బీపీని చూపిస్తుంది.

ఇంతవరకూ ఎవరైనా రాస్తారు. నేను రాయాలనుకున్నది దీని ముందు కూర్చునే అయిదు నిమిషాల గురించి.

కొలిచే ముందు అరగంట కాఫీ తాగకూడదు. వీపు కుర్చీకి ఆనించి, కాళ్లు నేలమీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉంచి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. మాట్లాడకూడదు. ఇరవై ఏళ్లుగా రోజూ దీపం పెట్టి సహస్రనామం చదివినదాన్ని. నోరు చదువుతుంటే మనసు స్కూలు బెల్లు మీదా, పొయ్యిమీది పాల మీదా ఉండేది. ఏ పనీ పెట్టుకోకుండా అయిదు నిమిషాలు కూర్చోవడం నాకు ఈ మిషన్ నేర్పింది. మొదటి నెలంతా అది శిక్షలా అనిపించింది.

బటన్ నొక్కగానే పట్టీ గాలితో బిగుస్తుంది. బిగిసి, బిగిసి, కాసేపు చేతిలోకి రక్తం వెళ్లే దారి మూసుకుపోతుంది. వేళ్ల చివర్లు బరువెక్కుతాయి. తర్వాత గాలి మెల్లగా వదులుతుంది. ఒకచోట మోచేతి పైన టక్కున ఒక దెబ్బ. రక్తం దారి తోసుకుని వచ్చిందన్నమాట. తర్వాత ఇంకోటి, ఇంకోటి. ఆ కదలికలను పట్టుకునే మిషన్ లెక్క కడుతుంది. మొదటిసారి ఆ దెబ్బ తెలిసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. నేను అడగలేదు, ఆజ్ఞాపించలేదు. పాఠాలు చెబుతున్నప్పుడూ, నిద్రపోతున్నప్పుడూ రోజుకు లక్షసార్లకు పైగా ఇది కొట్టుకుంటూనే ఉంది. గీత అయిదో అధ్యాయంలో, చూస్తున్నా, వింటున్నా, ఊపిరి తీస్తున్నా, చివరికి రెప్ప వాలుస్తున్నా "నేనేమీ చేయడం లేదు" అనుకుంటాడు తత్త్వం తెలిసినవాడు అని ఉంటుంది. ఆ శ్లోకాలు నాకు కంఠతా వచ్చు. అర్థమైంది మాత్రం ఈ కుర్చీలోనే.

గుండెకు విశ్రాంతే ఉండదని పిల్లలకు చాలా ఏళ్లు చెప్పాను. అది తప్పు. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండెకు ఒక్కో దెబ్బకు సుమారు 0.8 సెకను పడుతుంది. అందులో 0.3 సెకను ముడుచుకుంటుంది, మిగతా 0.5 సెకను వదులై ఉంటుంది. మిషన్ చూపే పై అంకె ముడుచుకున్నప్పటిది, కింది అంకె వదులైనప్పటిది. డాక్టరుగారు చెప్పిన ఇంకో సంగతి విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గదుల నిండా రక్తం ఉన్నా, గుండె కండ తన ఆకలి దాంతో తీర్చుకోలేదు. ఒళ్లంతటికీ పంపే రక్తంలోంచే, బృహద్ధమని మొదట్లో చీలే రెండు చిన్న ధమనుల గుండా తన వాటా రావాలి. ఎక్కువ బరువు మోసే ఎడమవైపు కండకు ఆ వాటా చాలావరకు అందేది అది బిగింపు వదిలినప్పుడే. బిగించి ఉన్నంతసేపూ తన దారులను తనే నొక్కేసుకుంటుంది.

అప్పటికి నాన్నగారిని చూసుకోవడం, స్కూలు, ఇల్లు అన్నీ నా చేతుల మీదే. "వదినా, నెలకో నాలుగు రోజులు మామయ్యగారిని మా ఇంటికి పంపండి, మేం చూసుకుంటాం" అని మా తమ్ముడి భార్య ఎన్నిసార్లు అడిగిందో! ఆయన పక్క నాకంటే ఎవరూ సరిగ్గా మార్చలేరని పంపేదాన్ని కాదు. దాన్నే సేవ అనుకున్నాను. ఆ మరుసటి నెల పంపాను. నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చినప్పుడు నాన్నగారు నన్ను చూసి ఎడమ చెయ్యి ఎత్తి నవ్వారు. అంత నవ్వు నేను విసుగ్గా అన్నం కలిపి పెట్టిన రోజుల్లో ఎప్పుడూ చూడలేదు.

మిషన్ జ్ఞాపకంలోని అంకెల్లో ఒకటి నేను మరిచిపోలేనిది, 166/100. పొలం గట్టు విషయంలో మా బాబాయి కొడుకుతో మాటామాటా పెరిగిన రాత్రి. అతను వెళ్లిపోయి రెండు గంటలైంది. ఈపాటికి భోంచేసి పడుకుని ఉంటాడు. నా రక్తంలో మాత్రం ఇంకా మా వీధరుగు మీదే నిలబడి కేకలేస్తున్నాడు. కోపం ఎదుటివాడికి తగిలిందో లేదో నాకు తెలియదు, నాకెంత తగిలిందో ఎదురుగా రాసి ఉంది. ఆ రాత్రే క్షమించేశానంటే అబద్ధం. నాలుగు నెలలు పట్టింది.

ఒక పెద్ద తప్పు కూడా చేశాను. ఈ కూర్చోవడంలో హాయి దొరికాక, ఇక మాత్ర ఎందుకని 2020లో ఎవరికీ చెప్పకుండా మూడు వారాలు మానేశాను. మనసు ప్రశాంతంగానే ఉంది. అంకె మాత్రం 150 దాటి, 160 దాటింది. ఇంట్లో కొలిస్తే 135/85 దాటకూడదని తెలిసీ, రేపటికి తగ్గుతుందిలే అనుకున్నాను. డాక్టరుగారు కోప్పడలేదు. "ధ్యానం మానకండి, మాత్రా మానకండి" అన్నారంతే. నేనేమీ చేయడం లేదని శ్లోకం చదివి, నా ధ్యానంతో నేనే తగ్గించుకుంటాననుకున్నాను. అహంకారం అలా కూడా వస్తుంది. నాన్నగారికి అందని మాత్ర నాకు అందింది. ఇప్పుడు దాన్ని తీర్థంలా కళ్లకద్దుకుని వేసుకుంటాను.

నాన్నగారు 2019లో వెళ్లిపోయారు. అమ్మ నా దగ్గరే ఉంటోంది, 81 ఏళ్లు. పట్టీ బిగుస్తుంటే భయమేసి "నారాయణ, నారాయణ" అంటూ పెదవులు కదిపేది, అంకె తప్పు వచ్చేది. "అమ్మా, లోపల అనుకోవే, ఆయనకు వినపడుతుంది" అన్నాను. ఇప్పుడు కళ్లు మూసుకుని అలాగే కూర్చుంటుంది. ఇద్దరం మాట్లాడుకోకుండా ఎదురెదురుగా ఉండేది రోజంతటిలో ఆ కాసేపే. అమ్మ చెయ్యి 21 సెంటీమీటర్లు. నాకు పనికిరాదని బీరువాలో పడేసిన ఆ చిన్న పట్టీ అమ్మకు సరిగ్గా సరిపోయింది.