పదేళ్లు దాటిన పెట్రోల్ సెడాన్: మరమ్మతుల కోణంలో ఒక సమీక్ష

నేను కొని నడుపుతున్న సెడాన్ వయసు పదేళ్లు దాటింది, మీటరు లక్షన్నర కిలోమీటర్లు దాటింది. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, మాన్యువల్ గేర్లు, ముందు చక్రాలకు డ్రైవ్ ఉన్న కారు ఇది. ఈ తరం సెడాన్లలో చాలావాటి అమరిక ఇదే కనుక, కింద చెప్పే విషయాలకు కంపెనీ పేరుతో పెద్దగా పని లేదు. సీట్ల సౌఖ్యం, డిక్కీ వైశాల్యం, వేగంలో రోడ్డును పట్టుకుని సాగే నిలకడ, ఇవేవీ వయసుతో చెడలేదు. ఇలాంటి కారు కొనదలచినవారు చూడవలసినది మరమ్మతుల సంగతి. కారు ధర ఏటేటా పడిపోతుంది గాని దాని విడిభాగాల ధర పడదు. కొత్తగా ఉన్నప్పుడు ఏ తరగతి కారో, మరమ్మతుకు ఇప్పటికీ ఆ తరగతి ఖర్చే పెట్టాలి.

ఖర్చును అంచనా వేయడానికి నేను భాగం ధర కంటే ముందు, దాన్ని విప్పి బిగించడానికి ఎన్ని గంటలు పడుతుందో అడుగుతాను. చవకైన రబ్బరు సీలు కూడా గేర్‌బాక్స్ వెనక దాక్కుని ఉంటే పెద్ద బిల్లే తెస్తుంది. బ్యాటరీని ఛార్జి చేసే ఖరీదైన ఆల్టర్నేటర్ చేతికందే చోట ఉంటే గంట రెండు గంటల్లో పని ముగుస్తుంది. ఈ లెక్క తెలిసినవారికి ఏ పనిని వెంటనే చేయించాలో, ఏ పనిని మరో పనితో కలిపి చేయించాలో సులభంగా తేలుతుంది.

ఈ వయసులో అన్నిటికంటే ముందు మొరాయించేది, చక్రాలను కారుకు కలిపి కుదుపులను తట్టుకునే సస్పెన్షన్. గతుకుల్లో నెమ్మదిగా పోతున్నప్పుడు ముందు నుంచి టకటకమని చప్పుడు వస్తే చాలామంది షాక్ అబ్జార్బర్లు పోయాయనుకుంటారు గాని, ఎక్కువ సందర్భాల్లో స్టెబిలైజర్ లింక్ రాడ్‌లో గాని, చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్‌లో గాని దోషం ఉంటుంది. లింక్ రాడ్ చిన్న భాగం, ఒక్కో పక్కదాన్ని గంటలోపే మార్చవచ్చు. లోయర్ ఆర్మ్ బుష్‌ను ప్రెస్సులో పెట్టి దింపి ఎక్కించాలి కనుక, బాల్ జాయింట్ కూడా అరిగి ఉంటే ఆర్మ్ మొత్తాన్నే మార్చడం మేలు. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించడం తప్పనిసరి. ఆ ఖర్చు మిగిల్చుకోవాలని చూస్తే ఆ డబ్బు టైర్ల అరుగుదల రూపంలో పోతుంది. వేగంతో పాటు పెరిగే గుయ్‌మనే మోత, స్టీరింగును ఒక పక్కకు తిప్పితే తగ్గి రెండో పక్కకు తిప్పితే హెచ్చుతుంటే, అది వీల్ బేరింగ్ మోత. దాన్ని వాయిదా వేయకూడదు.

చవక మరమ్మతు ఖరీదైన మరమ్మతుగా ఎలా మారుతుందో చూడాలంటే ఆక్సిల్ చివర జాయింటును కప్పి ఉండే రబ్బరు బూటును చూడాలి. ముందు చక్రాన్ని పూర్తిగా ఒక వైపు తిప్పి, లైటు వేసి వెనక నుంచి పరిశీలిస్తే, మడతలు మడతలుగా ఉన్న ఆ రబ్బరులో సన్నటి నెర్రెలు కనిపిస్తాయి. మడత లోతున నెర్రె విచ్చుకుంటే, తిరుగుతున్న షాఫ్ట్ లోపలి గ్రీజును చుట్టూ విసరడం వల్ల రిమ్ము లోపలి గోడ మీద, సస్పెన్షన్ మీద నల్లటి జిడ్డు చారగా పడుతుంది. ఆ దశలో శుభ్రం చేసి, కొత్త గ్రీజు నింపి, బూటు మారిస్తే సరిపోతుంది. అలాగే వదిలేస్తే దుమ్ము, నీరు లోపలికి చేరి జాయింటును తినేస్తాయి. స్టీరింగును చివరికంటా తిప్పి బయలుదేరినప్పుడు కటకటమని లయగా చప్పుడు మొదలైందంటే ఇక బూటుతో పని కాదు, జాయింటో, షాఫ్ట్ మొత్తమో మార్చవలసిందే.

క్లచ్ విషయంలో గంటల లెక్క బాగా అక్కరకొస్తుంది. ఎత్తైన గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజన్ వేగం పెరిగి కారు వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అరిగిపోయినట్టే. గేర్‌బాక్స్ దింపాలి కనుక ఇది కారును బట్టి సగం రోజు నుంచి రోజంతా పట్టే పని. దింపిన తర్వాత ప్లేటు ఒక్కటే మార్చి ఊరుకోవడం తెలివైన పొదుపు కాదు. ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా అప్పుడే మార్చాలి. ఇంజన్ వెనక ఉన్న క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్ సీలు చెమరుస్తున్నా అప్పుడే మార్చాలి, ఎందుకంటే ఆరు నెలల తర్వాత అది కారడం మొదలుపెడితే అదే కూలిని రెండోసారి చెల్లించాలి. ఇంజన్ పైభాగంలో వాల్వ్ కవర్ గ్యాస్కెట్ నుంచి కారే నూనెకు మాత్రం ఇంత ఆందోళన అక్కర్లేదు, అది చిన్న పని.

పిస్టన్ల కదలికకు వాల్వుల కదలికను జతపరిచే రబ్బరు టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజన్లలో అడగవలసిన మొదటి ప్రశ్న దాన్ని ఎప్పుడు మార్చారన్నదే. తయారీదారును బట్టి లక్ష కిలోమీటర్లకు కాస్త అటూఇటూగా గడువు ఉంటుంది. కిలోమీటర్లు తిరగకపోయినా ఏళ్లు గడిస్తే రబ్బరు పాతబడుతుంది. చాలా ఇంజన్లలో బెల్ట్ తెగితే పిస్టన్లు పైకొచ్చి, తెరుచుకున్న వాల్వులను కొట్టి వంచేస్తాయి. అప్పుడు వాల్వులుండే ఇంజన్ పైభాగాన్ని, అంటే హెడ్డును, విప్పక తప్పదు, ఆ బిల్లు కారు విలువనే ప్రశ్నించేంత పెద్దది కావచ్చు. వాటర్ పంపు ఆ బెల్ట్ మీదే తిరిగే ఇంజన్లలో పంపును, టెన్షనర్‌ను, ఐడ్లర్ బేరింగును కూడా ఒకే విప్పులో మార్చాలి. బెల్ట్ బదులు చైను ఉన్న ఇంజన్లకు ఈ గడువు ఉండదు గాని, ఆయిల్ సమయానికి మార్చని కార్లలో చైను సాగి, చల్లటి స్టార్ట్‌లో కొన్ని క్షణాలు గలగలమంటుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది కూలింగ్ వ్యవస్థ. రేడియేటర్ పక్కలనున్న ప్లాస్టిక్ ట్యాంకులు ఏళ్ల తరబడి వేడికి పెళుసుబారి, అతుకు దగ్గర చీలుతాయి. గొట్టం క్లిప్పు చుట్టూ ఎండి పేరుకున్న తెల్లటి లేదా రంగు పొర కనిపిస్తే, నేల మీద చుక్క పడకపోయినా లీకు ఉన్నట్టే లెక్క. రేడియేటర్, థర్మోస్టాట్, గొట్టాలు భరించగలిగే ఖర్చులే. వాటిని పట్టించుకోక ఇంజన్ ఒక్కసారి మరిగిపోయిందంటే అల్యూమినియం హెడ్డు వంకరపోయి, గ్యాస్కెట్ పోయి, హెడ్డును మెషీన్ షాపుకు పంపవలసి వస్తుంది. వేడెక్కిన తర్వాత కూడా పొగగొట్టం నుంచి తీపి వాసనతో తెల్లపొగ రావడం, ఆయిల్ మజ్జిగలా మారడం, కారణం కనిపించకుండా కూలెంట్ తగ్గడం హెడ్డు గ్యాస్కెట్ పోయిందనడానికి గుర్తులు. చిన్న ప్రయాణాలకే వాడే కార్లలో ఆయిల్ మూత కింద తేమ వల్ల కూడా అలాంటి పొర పేరుకుంటుంది కనుక ఆ ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదు. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకూడదని వేరే చెప్పనవసరం లేదు.

ఇంజన్ చెక్ లైటుకు భయపడనక్కర్లేదు. స్కానర్ చూపే పీ0420 కోడ్, పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందని చెబుతుందే గాని దాన్నే మార్చమని చెప్పదు. సైలెన్సర్ లీకు, ఆక్సిజన్ సెన్సర్, మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) వంటివి చూడకుండా కన్వర్టర్ మార్పించే షెడ్డుకు దూరంగా ఉండటం మంచిది. ఒక సిలిండర్ మిస్ అవుతుంటే దాని ఇగ్నిషన్ కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చి చూడాలి. దోషం కాయిల్ వెంట వెళితే కాయిలే కారణం, ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఏసీలో కండెన్సర్ లీకు ఓ మోస్తరు పని. లోపలి గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ లీకైతే చాలా కార్లలో డాష్‌బోర్డు విప్పాలి, అందుకే లీకు ఎక్కడో తేల్చకుండా గ్యాస్ నింపించడం వృథా.

మొత్తం మీద ఈ కారుకు ఐదుకు మూడున్నర ఇస్తాను. తగ్గించిన ఒకటిన్నరలో ఎక్కువ భాగం ఏసీకి, కూలింగ్‌కు పోతుంది. కొనేవారు ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే వెళ్లి స్టార్ట్ చేసి చూడాలి, ముందే వేడి చేసి ఉంచిన కారును మరో పూట చూస్తామని చెప్పి రావడమే మేలు. బెల్ట్, వాటర్ పంపు మార్చిన రసీదు ఉన్న కారుకు కొంత ఎక్కువ పెట్టినా నష్టం లేదు. రసీదు లేకపోతే అవి మార్చలేదనే అనుకుని, ఆ పనికి ఎంతవుతుందో ముందుగానే కనుక్కుని, బేరంలో అంత మొత్తం తగ్గించమని అడగాలి.