షెఖీనాకు గుమ్మం దాకా స్వాగతం, మరి స్త్రీకి?

యూదు మతంలో ఆడామగా సమతూకాన్ని వెతికిన దారులు రెండు కనిపిస్తాయి. ఒకటి కబ్బాలా అనే యూదు మార్మిక విద్య, ఇంకోటి కోర్టు మెట్లు.

కబ్బాలా చెప్పే పది దైవశక్తుల్లో చివరిది షెఖీనా, స్త్రీరూపం. ఆమె పురుషరూపమైన తిఫెరెత్‌తో కలిస్తేనే లోకం కుదుటపడుతుంది. 16వ శతాబ్దంలో గలిలయలోని సఫెద్ పట్టణ సాధకులు శుక్రవారం సాయంత్రం పొలాల్లోకి వెళ్లి, యూదుల వారాంతపు విశ్రాంతి దినమైన సబ్బాత్‌ను షెఖీనాగా భావించి పెళ్లికూతురిలా స్వాగతించేవారు. ఇప్పటికీ ప్రార్థనా మందిరాల్లో ఆ స్వాగత గీతం చివరి చరణం రాగానే అందరూ గుమ్మం వైపు తిరిగి తల వంచుతారు. ఎంత అందమైన ఘట్టమో! కానీ ఈ విద్య శతాబ్దాలపాటు మగవాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది. దేవుడిలో స్త్రీకి చోటిచ్చారు గానీ, చదువుకునే గదిలో ఇవ్వలేదు.

రెండో దారిలో ఇంత కవిత్వం లేదు. 1988లో మొదలైన ‘విమెన్ ఆఫ్ ద వాల్’ సభ్యులు హీబ్రూ నెల మొదట్లో యూదుల పవిత్ర స్థలమైన జెరూసలేం పశ్చిమ గోడ దగ్గర, సంప్రదాయంలో మగవాళ్లు వేసుకునే తాలిత్ అనే ప్రార్థనా శాలువా కప్పుకుని గొంతెత్తి ప్రార్థిస్తారు. ఈలలు, తిట్లు, అరెస్టులు అన్నీ చూశారు. 2013లో జిల్లా కోర్టు వాళ్ల వైపు నిలిచింది. 2016లో అక్కడ ఆడామగా కలిసి ప్రార్థించే స్థలానికి ఒప్పుకున్న ప్రభుత్వం మరుసటి ఏడాదే దాన్ని పక్కన పెట్టేసింది.

నన్నడిగితే రెండోదే గట్టి దారి. తమాషా ఏంటంటే, షెఖీనా ఆ గోడను ఎన్నడూ విడిచిపోలేదని పాత నమ్మకం. అక్కడికే ఆడవాళ్లు యూదు ధర్మగ్రంథమైన తోరా చుట్టను దాచిపెట్టి తెచ్చుకున్న రోజులున్నాయి.