తెరుచుకోని కంప్యూటర్‌లోని ఫైళ్లు: లినక్స్ పెన్‌డ్రైవా, డిస్కు ఊడదీయడమా?

విండోస్ మొదలుకానంత మాత్రాన ఫైళ్లు పోయినట్టు కాదు; చాలాసార్లు చెడేది ఆపరేటింగ్ సిస్టమే గాని, ఫొటోలు, పత్రాలు డిస్కులో పదిలంగానే ఉంటాయి. వాటిని బయటకు తెచ్చుకోవడానికి దారులు రెండు: లినక్స్ మింట్ వంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను వేరే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌పైకి ఎక్కించి, దానితో పాత యంత్రాన్ని నడపడం, లేదా డిస్కును ఊడదీసి, అడాప్టర్‌తో మరో కంప్యూటర్‌కు తగిలించడం.

ఖర్చు: మొదటిదానికి 8 జీబీ పెన్‌డ్రైవ్, కాపీలకు మరో డ్రైవ్ చాలు. రెండోదానికి డిస్కు రకానికి సరిపడే అడాప్టర్ కావాలి. సాటా (పాత తరహా) డిస్కు అడాప్టర్ ఎన్‌వీఎంఈ (చిన్న పట్టీలాంటి కొత్త తరహా) డిస్కుకు పనికిరాదు, 3.5 అంగుళాల డిస్కుకైతే విడిగా కరెంటు కూడా అందాలి.

శ్రమ: పెన్‌డ్రైవ్‌తో అయితే బూట్ మెనూకు (కంప్యూటర్ దేనితో మొదలవ్వాలో ఎంచుకునే తెరకు) ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ వంటి వాటిలో ఏ కీ పనిచేస్తుందో వెతుక్కోవడమే చిక్కు. డిస్కు తీయాలంటే మూత విప్పాలి. కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లలో నిల్వ చిప్పులు బోర్డుకే అతికి ఉంటాయి కనుక ఆ దారే ఉండదు.

ప్రమాదం: లినక్స్ తెరపై కనబడే 'ఇన్‌స్టాల్' గుర్తును నొక్కి ముందుకు పోతే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోవచ్చు. తగిలించిన డిస్కును 'ఫార్మాట్ చేయాలా?' అని విండోస్ అడిగితే వద్దనాలి. డిస్కుకు బిట్‌లాకర్ (డేటాను గుప్తీకరించే విండోస్ రక్షణ) తాళం పడి ఉంటే (ఆ సంగతి చాలామందికి అప్పుడే తెలుస్తుంది) ఏ దారిలోనైనా 48 అంకెల రికవరీ కీ కావలసిందే. దాన్ని మైక్రోసాఫ్ట్ ఖాతాలో వెతకవచ్చు.

తెర వెలిగి, విండోస్ దగ్గరే ఆగిపోతుంటే పెన్‌డ్రైవే మేలు. యంత్రానికి కరెంటే ఎక్కకపోతే డిస్కు తీయక తప్పదు. డిస్కు టిక్కు టిక్కుమంటుంటే మాత్రం రెండూ మాని, వెంటనే ఆపివేసి, డేటా రికవరీ నిపుణులకు అప్పగించాలి.