అప్‌డేట్ అయ్యాక వైఫై పోతే: పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్, నాలుగున్నరేళ్ళ వాడకం

2021 మే నెలలో, కరోనా రెండో వేవ్ కర్ఫ్యూ రోజుల్లో, 2014లో కొన్న నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ 20.1 వేశాను. విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అది. ఏలూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. అప్పట్లో క్లాసులన్నీ ఆన్‌లైన్‌లోకి మారాయి, కొత్త ల్యాప్‌టాప్ కొనే పరిస్థితి లేదు. హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టించి, ర్యామ్ 4 జీబీ నుంచి 8 జీబీకి పెంచాను. అంతే, ఆ రోజు నుంచి ఈ రోజు దాకా సాయంత్రం ఏడింటి క్లాసు దీని మీదే నడుస్తోంది.

మింట్ వేగంగా ఉంటుందా, వాడటం తేలికేనా అని అడిగేవాళ్ళకు జవాబు ఒక్క ముక్కలో చెప్తాను: ఉంటుంది, తేలికే. తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంది, లిబ్రే ఆఫీస్‌లో ప్రశ్నపత్రాలు చక్కగా వస్తాయి, మా ఇంట్లో లేజర్ ప్రింటర్ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మొరాయించలేదు. నేను వివరంగా రాయాలనుకున్నది వేరే సంగతి. అప్‌డేట్ చేశాక హార్డ్‌వేర్ ఏదైనా పనిచేయడం మానేస్తే ఏం చేయాలి, అప్పుడు మింట్ మనకు ఎంతవరకు తోడుంటుంది అన్నది. వేసుకున్న మొదటి వారంలో ఈ విషయం ఎవరికీ తెలియదు. ఏళ్ళ తరబడి వాడితేనే తెలుస్తుంది.

2022లో ల్యాప్‌టాప్ లోపలి వైఫై కార్డు పాడైంది. ఏడు వందలు పెట్టి ఒక యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొన్నాను. పెట్టె మీద లినక్స్ సపోర్ట్ ఉందని రాసి ఉంది. నిజానికి దాని డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) లినక్స్ కెర్నల్‌లో, అంటే సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగంలో, లేదు, సోర్స్ కోడ్ విడిగా తెచ్చుకుని డీకేఎంఎస్ అనే పద్ధతిలో ఎక్కించాలి. డీకేఎంఎస్ చేసే పని ఏమిటంటే, కెర్నల్ మారినప్పుడల్లా ఆ డ్రైవర్‌ని కొత్త కెర్నల్‌కి తగ్గట్టు మళ్ళీ కంపైల్ చేసి (కోడ్‌ని మిషన్ నడపగల రూపంలోకి మార్చి) పెడుతుంది. మింట్ 21కి మారి కెర్నల్ 5.15 వచ్చినప్పుడు కూడా డాంగిల్ ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది. రెండేళ్ళు దాని ఊసే లేదు.

2024 దసరా సెలవుల్లో మింట్ 21.3 మీద ఉన్నాను. అప్‌డేట్ మేనేజర్‌లో కెర్నల్స్ జాబితా చూపించే విండో ఒకటి ఉంటుంది. అందులో 6.8 కనబడింది, ఎక్కించాను. రీబూట్ చేశాక కుడి మూల వైఫై గుర్తు లేదు. డాంగిల్ మీద ఎప్పుడూ వెలిగే నీలం లైటు కూడా లేదు. టైము నాలుగున్నర. క్లాసు ఏడింటికి. ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు.

దగ్గర్లోని రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. "యూఎస్‌బీ పోర్టు పోయింది సార్, బోర్డు మీద పని, రెండు రోజులు ఉంచండి" అన్నాడు ఆ అబ్బాయి. ఉంచకుండా ఇంటికి తెచ్చేసుకున్నాను. హైదరాబాద్‌లో ఉండే మా మేనల్లుడికి ఫోన్ చేశాను.

"మామయ్యా, ఇవాళ ఏమైనా అప్‌డేట్ చేశావా?"

"కెర్నల్ మార్చానురా."

"అయితే ముందు పాత కెర్నల్‌తో బూట్ చేసి చూడు. దాంట్లో పనిచేస్తే డాంగిల్ బాగున్నట్టే, పోర్టూ బాగున్నట్టే."

ఈ సలహాకి నేను ఎంత రుణపడ్డానో చెప్పలేను. కొత్త కెర్నల్ ఎక్కించినా మింట్ పాతదాన్ని తీసేయదు, పక్కన ఉంచుతుంది. మిషన్‌లో మింట్ ఒక్కటే ఉంటే బూట్ మెనూ మామూలుగా కనిపించదు. ఆన్ చేసి కంపెనీ లోగో పోతుండగా ఎస్కేప్ కీ ఒక్కసారి నొక్కాలి. కంగారులో రెండు మూడుసార్లు నొక్కితే మెనూ దాటిపోయి, నల్ల తెర మీద గ్రబ్ (బూట్ మెనూ చూపించే ప్రోగ్రామ్ పేరు) అన్న అక్షరాలు మాత్రమే మిగులుతాయి. అప్పుడు ఆఫ్ చేసి మళ్ళీ మొదలుపెట్టడమే. బయోస్ పద్ధతిలో బూట్ అయ్యే ఇంకా పాత మిషన్లలో ఎస్కేప్ బదులు షిఫ్ట్ కీ పట్టుకుని ఉంచాలి. మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే కెర్నళ్ళ పేర్లు వరసగా ఉంటాయి. 5.15 ఎంచుకుని ఎంటర్ కొట్టాను. డెస్క్‌టాప్ వచ్చింది, నీలం లైటు వెలిగింది. ఏడింటికి కెపాసిటర్ల క్లాసు చెప్పాను.

చాలామంది ఇక్కడే తొందరపడతారు. పరికరం పాడైందని కొత్తది కొంటారు, లేదా సిస్టమ్ మొత్తం చెరిపేసి మళ్ళీ మొదటి నుంచి వేస్తారు. రెండూ అక్కర్లేని పనులు. నిన్నటిదాకా బాగా నడిచిన వస్తువు సరిగ్గా అప్‌డేట్ చేసిన రోజునే ఆగిందంటే, వస్తువుని కాకుండా డ్రైవర్‌ని ముందు అనుమానించాలి. పాత కెర్నల్ లేకపోయినా మింట్ ఇన్‌స్టాల్ చేసుకున్న పెన్‌డ్రైవ్‌తో లైవ్‌గా, అంటే డిస్క్‌ని ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే, బూట్ చేసి చూడొచ్చు. సౌండు, టచ్‌ప్యాడ్, కెమెరా లాంటివి అందులో పనిచేస్తే హార్డ్‌వేర్ భేషుగ్గా ఉన్నట్టు. నా డాంగిల్‌కి మాత్రం ఆ పరీక్ష కుదరదు, దాని డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో ఉండదు కదా.

మర్నాడు తీరిగ్గా కూర్చుని కారణం వెతికాను. కొత్త కెర్నల్‌లోకి వెళ్ళి, ఇంటర్నెట్ కోసం ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను. వైఫై పోయినప్పుడు దీన్ని మించిన ఆసరా లేదు. ఏ డ్రైవరూ అడగకుండా ఫోనే నెట్‌వర్క్ కార్డులా పనిచేస్తుంది. టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌యూఎస్‌బీ (యూఎస్‌బీ పరికరాల జాబితా చూపించే ఆదేశం) అని కొడితే జాబితాలో డాంగిల్ కనిపించింది. అంటే పోర్టుకి ఏ జబ్బూ లేదు. తర్వాత డీకేఎంఎస్ స్టేటస్ చూశాను. 5.15 పక్కన ఇన్‌స్టాల్డ్ అని ఉంది. 6.8 వరసే లేదు. డీకేఎంఎస్ కంపైల్ చేయబోయి విఫలమై, ఎందుకు విఫలమైందో మేక్ లాగ్ అనే ఫైల్‌లో రాసిపెట్టింది. ఫలానా ఫంక్షన్‌కి ఇవ్వాల్సిన వివరాలు సరిపోలేదని అందులో ఉంది.

దీని వెనుక కథ తెలుసుకున్నాక నాకు అప్‌డేట్ల మీద కోపం పోయింది. లినక్స్ కెర్నల్ లోపలి ఏర్పాట్లు ఎప్పటికీ ఒకేలా ఉంటాయని ఎవరూ మాట ఇవ్వరు. కెర్నల్ రాసేవాళ్ళు లోపల ఒక ఫంక్షన్‌ని మారిస్తే, దాన్ని వాడే డ్రైవర్లన్నిటినీ వాళ్ళే సరిచేస్తారు. కానీ ఆ డ్రైవర్లు కెర్నల్‌లో భాగంగా ఉండాలి. బయట ఉన్న డ్రైవర్‌ని సరిచేసుకోవడం దాన్ని రాసినవాళ్ళ పూచీ. నా డాంగిల్ తయారు చేసినవాళ్ళు 2021 తర్వాత కోడ్ ముట్టుకోలేదు. వస్తువు అమ్మేశాక డ్రైవర్‌ని గాలికి వదిలేయడం కొన్నవాణ్ణి మోసం చేయడమేనని నా అభిప్రాయం.

అదృష్టం ఏమిటంటే, ఆ డ్రైవర్‌ని కొందరు స్వచ్ఛందంగా సరిచేసి కొత్త కెర్నళ్ళకి పనికొచ్చేలా ఉంచారు. పాతదాన్ని పూర్తిగా తీసేసి దాన్ని ఎక్కించాను. కంపైల్ అయింది, అయినా లైటు రాలేదు. డ్రైవర్‌ని చేత్తో లోడ్ చేయబోతే కీ తిరస్కరించాం అన్న అర్థంలో ఒక్క లైను వచ్చింది. అది సెక్యూర్ బూట్ పని. ముందు రోజు క్లాసు అయ్యాక బయోస్ సెట్టింగులు మార్చినప్పుడు నేనే దాన్ని ఆన్ చేశాను. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, నమ్మకమైన కీతో వేసిన డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ని కెర్నల్ లోపలికి రానివ్వదు. మన మిషన్‌లోనే ఒక కీ తయారుచేసి, పాస్‌వర్డ్ పెట్టి, రీబూట్‌లో వచ్చే నీలం తెర మీద ఎన్‌రోల్ ఎంవోకే (మన కీని నమోదు చేయమని) ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ తెర పది సెకన్లే ఆగుతుంది. ఈలోగా ఏ కీ నొక్కకపోతే మామూలుగా బూట్ అయిపోతుంది, పని మళ్ళీ మొదటికి వస్తుంది. రెండో ప్రయత్నంలో అందుకున్నాను.

ఆ వారం రోజుల్లో నన్ను నిశ్చింతగా ఉంచింది టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్. మింట్‌తోపాటే వస్తుంది. సిస్టమ్ ఫైళ్ళని ఉన్నవి ఉన్నట్టు స్నాప్‌షాట్‌గా దాస్తుంది. ఏ ప్రయోగం చేసినా ముందు ఒక స్నాప్‌షాట్ తీసుకునేవాణ్ణి. చెడితే పావుగంటలో వెనక్కి వచ్చేవాణ్ణి. అయితే మన సొంత ఫైళ్ళని అది మామూలుగా దాచదు. నా ప్రశ్నపత్రాలు వేరే డిస్క్‌లో విడిగా కాపీ చేసుకుంటాను.

2025 సంక్రాంతి తర్వాత మింట్ 22కి మారాను. ఈసారి సౌండు పోయింది. 22లో సౌండు వ్యవస్థ పల్స్ ఆడియో నుంచి పైప్‌వైర్‌కి మారింది. సెట్టింగుల్లో చూస్తే స్పీకర్ల బదులు హెచ్‌డీఎంఐ (టీవీ, మానిటర్‌కి వెళ్ళే కేబుల్ దారి) ఎంపికై ఉంది. మార్చగానే వచ్చింది, రెండు నిమిషాల పని. ఎవరికైనా అక్కడ డమ్మీ అవుట్‌పుట్ అని మాత్రమే కనిపిస్తే ముందు పైప్‌వైర్, వైర్‌ప్లంబర్ సర్వీసులను రీస్టార్ట్ చేసి చూడండి.

మింట్‌లో నాకు నచ్చని విషయం ఒకటుంది. కెర్నల్ మార్చినప్పుడు డీకేఎంఎస్ విఫలమైతే ఆ సంగతి అప్‌డేట్ మేనేజర్ పెద్ద అక్షరాల్లో చెప్పాలి. నాకు అలా ఏమీ కనిపించలేదు. వరసగా దొర్లిపోయే లైన్ల మధ్య ఎక్కడో పడిపోయింది. రీబూట్ చేసేముందే తెలిసి ఉంటే ఆ సాయంత్రం గండం తప్పేది. ఇప్పుడు నేను కెర్నల్ మార్చిన ప్రతిసారీ, రీబూట్‌కి ముందు డీకేఎంఎస్ స్టేటస్ చూసుకుంటాను. కనీసం ఒక పాత కెర్నల్‌ని తీసేయకుండా ఉంచుతాను. క్లాసు ఉన్న రోజు అప్‌డేట్ల జోలికి పోను.

ఏడు వందల డాంగిల్ ఎవరికీ కొనమని చెప్పను. దాన్ని పక్కన పెట్టి మీడియాటెక్ ఎంటీ7612యూ చిప్ ఉన్న డాంగిల్ తెప్పించాను. ధర రెట్టింపు కన్నా ఎక్కువే పడింది. దీని డ్రైవర్ 4.19 నుంచీ కెర్నల్‌లోనే ఉంది. కొనేటప్పుడు పెట్టె మీద మాటలు కాకుండా చిప్ పేరు అడిగి, అది కెర్నల్‌లో ఉందో లేదో చూసుకుని కొన్నాను. మొన్న మింట్ 22.2కి మారి, కెర్నల్ 6.14 కూడా ఎక్కించాను. డీకేఎంఎస్ స్టేటస్ కొడితే ఏమీ రాలేదు, చూడటానికి అందులో ఏ డ్రైవరూ లేదు. రీబూట్ చేసి స్టవ్ మీద టీ పెట్టి వచ్చేసరికి వైఫై కనెక్టయి ఉంది.